రిపోర్టులోకి ఎక్కని మాట

ఒక ఆటగాణ్ణి చూడాలంటే వెండెల్ టోలివర్ ఆట మొదలవడానికి రెండు గంటల ముందే స్టేడియానికి వెళ్ళేవాడు. జనం ఇంకా రాని మెట్ల మీద, ఉడకబెట్టిన వేరుశనక్కాయల పొట్లం ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. ఆట మొదలయ్యాక అందరూ పరిగెడతారు. అందులో చూసేదేముంది? ఆటకు ముందు ఎవడు ఏ కాలి మీద ఎక్కువ బరువు మోపుతున్నాడు, ఎవడు వంగినప్పుడు నడుం పట్టుకుంటున్నాడు, తువ్వాలు అందించే మనిషితో ఎవడు ఎలా మాట్లాడుతున్నాడు, ఇవీ ఆయనకు కావలసినవి. ఇరవై మూడేళ్ళుగా ఆయన ఉద్యోగం ఇదే.

ఉత్తరాన సరస్సు ఒడ్డునున్న ఒక నగరం జట్టుకు ఆయన స్కౌటు. కాలేజీల్లో అమెరికన్ ఫుట్‌బాల్, అంటే చేతులతో బంతి విసిరి పట్టుకునే ఆట, ఆడేవాళ్ళను చూసి, వీడు మనకు పనికొస్తాడు, వీడు రాడు అని రాసి పంపే మనిషి. మిసిసిపీ, అలబామా, ఆర్కన్సా, లూసియానా ఆయన వాటాకు వచ్చిన రాష్ట్రాలు. ఆగస్టులో గ్రీన్‌వుడ్‌లో ఇల్లు వదిలితే నవంబరు చివరిదాకా రోడ్డు మీదే. మోటెల్‌లో దుప్పటి కింద కాళ్ళు చాపుకుని, పెట్రోలు బంకులో కొన్న వేయించిన కోడి తింటూ, ల్యాప్‌టాప్‌లో రిపోర్టులు కొట్టుకునేవాడు. అరవై ఒకటో ఏడు వచ్చింది. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. అయినా ఆ పని తప్ప ఆయనకు ఇంకో పని రాదు, ఇంకో పని మీద మనసూ లేదు.

ఏటా ఏప్రిల్ చివర్లో ముప్పై రెండు జట్లూ చేరి కాలేజీ ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకుంటాయి. ఏడు విడతలు, విడతకు జట్టుకొక వంతు. ఆ వంతులే స్కౌటుకు అన్నం. వంతు ఉంటేనే, ఎవణ్ణి తీసుకోమంటావని స్కౌటును అడుగుతారు. లేకపోతే అతని రిపోర్టులు బీరువాలో కాగితాలు. ఆ వంతుల్ని జట్లు ఒకదానికొకటి ఇచ్చి పుచ్చుకోవచ్చు కూడా. ఒక పేరున్న ఆటగాడి కోసం రెండేళ్ళ వంతులు ధారపోసిన జట్లున్నాయి. కొన్ని కప్పు గెలిచాయి, కొన్ని అయిదేళ్ళు లేవలేదు. స్కౌట్ల ఒప్పందం మాత్రం ప్రతి మే నెలాఖరుకూ ముగుస్తుంది. కొనసాగమనో, ఇక చాలనో ఒక కవరు వస్తుంది. ఇరవై రెండు కవర్లు కొనసాగమనే వచ్చాయి.

ఆ మార్చి నెలలో వెండెల్ టస్కలూసా దగ్గర ఒక మోటెల్‌లో ఉండగా ఫోను మోగింది. జట్టు జనరల్ మేనేజర్ గ్రాంట్ లిండ్‌క్విస్ట్. వయసు ముప్పై తొమ్మిది, మాట చాలా నెమ్మది. వెండెల్‌ను ఎప్పుడూ పెద్దాయనా అనే పిలుస్తాడు.

“పెద్దాయనా, ఏం చేస్తున్నారు?”

“వాఫుల్ అట్టు మాడ్చుకుంటున్నాను. ఇక్కడి మిషను దానిష్టం వచ్చినట్టు పనిచేస్తుంది.”

“పక్కన ఎవరూ లేరుగా?”

“వాఫుల్ ఒకటే ఉంది.”

గ్రాంట్ నవ్వలేదు. “నిన్న అనుకున్న బేరమే. ట్రెవాంటే మాబ్రీని ఇస్తామని ఇవాళ ఒప్పుకున్నారు.”

వెండెల్ ప్లేటు పక్కన పెట్టి ఆవరణలోకి నడిచాడు. మాబ్రీ అంటే లీగు మొత్తంలో బంతి అందుకోవడంలో అతని తర్వాతే ఎవరైనా. ఇరవై ఎనిమిదేళ్ళవాడు. తన జట్టుతో చెడింది. గాలిలో వెనక్కి వాలి ఒంటి చేత్తో బంతి పట్టిన అతని ఫొటో చిన్నపిల్లల పడకగదుల్లో కూడా ఉంటుంది.

“ఏమడుగుతున్నారు వాళ్ళు?”

“ఈ ఏడు మన మొదటి అయిదు వంతులూ. వచ్చే ఏడు మొదటిది, రెండోది, మూడోది. ఎక్కువే. తెలుసు. కానీ మనం పోయిన ఏడు పదిహేడు ఆటల్లో ఆరే గెలిచిన జట్టు. ఓనరుగారికి ఓపిక అయిపోయింది. బిల్డింగులో అందర్నీ అడిగాను. అందరూ అతన్ని వీడియోల్లో చూసినవాళ్ళే. కాలేజీలో ఉన్నప్పుడు రెండేళ్ళు వెంటపడి చూసినవారు, వాళ్ళమ్మ చేతి వంట తిన్నవారు మీరొక్కరే. అయిదు నిమిషాలు తీసుకోండి. తీసుకొమ్మంటే తీసుకుంటాను, వద్దంటే వదిలేస్తాను.”

ఆ అయిదు నిమిషాలూ వెండెల్ కార్ల మధ్య అటూ ఇటూ తిరిగాడు.

ఏడేళ్ళ క్రితం, మాబ్రీ ఇంకా కాలేజీలో ఉన్నప్పుడు, ఆ కాలేజీలో ఆటగాళ్ళ ఒంటి బాగోగులు చూసే హోలిస్ అనే ముసలాయన వెండెల్‌ను స్టాండ్ వెనక్కి పిలిచాడు. మాబ్రీ ఎడమ పాదంలో ఎముక రెండుసార్లు చిట్లిందని చెప్పాడు. మొదటిసారి సంగతి లోకానికి తెలుసు. రెండోది కాలేజీ బయటపెట్టలేదు. “అతుక్కుంది, ఏ ఎక్స్‌రే తీసినా నున్నగా కనపడుతుంది. కానీ అలిసిపోతే ఆ పాదాన్ని వాడు నమ్మడు వెండెల్. ఇప్పుడు వయసు మోస్తుంది. ముప్పై దగ్గరపడ్డాక మొయ్యదు. ఇది రాయకు. రాశావంటే నోరు జారింది నేనేనని ఇట్టే తెలిసిపోతుంది.”

స్టాండ్ వెనక విన్న మాట కాగితం మీదికి ఎక్కకూడదన్నది స్కౌట్లలో కట్టుబాటు. ఎక్కిస్తే ఆ కాలేజీలో ఇంకెవరూ నోరు విప్పరు. నోటితో మన పైవాడికి చెప్పొచ్చు, రాయకూడదు. ఆ ఏడు మాబ్రీని వీళ్ళ వంతు రాకముందే వేరే జట్టు ఎత్తుకుపోయింది కాబట్టి నోటితో చెప్పాల్సిన అవసరమూ రాలేదు. హోలిస్ పోయి రెండేళ్ళయింది. ఆ మాట ఇప్పుడు ఒక్క వెండెల్ దగ్గరే ఉంది.

మాట ఒక్కటే అయితే ఆయన కొట్టిపారేసేవాడేమో. పోయిన డిసెంబరులో టీవీలో స్వయంగా చూశాడు. ఆట సగం దాటాక, మాబ్రీ పరిగెడుతూ లోపలికి తిరగాల్సిన చోట ఎడమ పాదం ఒక్కటి నాటి తిరగడం లేదు. ఆ పాదాన్ని నమ్మక రెండడుగులు వేస్తున్నాడు. బంతులు పడుతూనే ఉన్నాయి, అంకెలు పెరుగుతూనే ఉన్నాయి, అందుకే ఎవరికీ కనపడలేదు. వరసగా నాలుగు ఆటల్లో వెండెల్ లెక్కపెట్టాడు.

అయితే ఇంకో సంగతి కూడా ఉంది. ముందురోజు అందరూ కలిసి మాట్లాడుకునే ఫోనులో, టెక్సస్ వైపు చూసే స్కౌటు రస్టీ ఓడమ్ ఈ బేరానికి అడ్డం చెప్పబోయాడు. హెడ్ కోచ్ సగంలోనే అందుకున్నాడు. “రస్టీ, నువ్వు మాబ్రీ గురించి మాట్లాడుతున్నావా, నీ ఉద్యోగం గురించా? వంతులు లేకపోతే నీకు పనుండదనేగా ఏడుపు?” పదిహేనుమంది నవ్వారు. ఎప్పుడూ మాటకు మాట అంటించే రస్టీ, సరే సరే అని తప్పుకున్నాడు. మోటెల్ గదిలో ఒంటరిగా కూర్చుని వింటున్న వెండెల్‌కు చెవులు వేడెక్కాయి, తననే అన్నట్టు.

ఇప్పుడు తాను వద్దంటే? వంతులు మిగులుతాయి. తన ఉద్యోగం మిగులుతుంది. చచ్చిపోయినవాడు ఏడేళ్ళ క్రితం చెవిలో చెప్పిన మాటట, ఎవరికీ కనపడని అడుగులట. ముసలాడు పొట్ట కోసం ఎంత కథ అల్లాడో అంటారు. ఇరవై మూడేళ్ళలో ఆయన నోటి నుంచి పొట్ట కోసం ఒక్క మాట రాలేదు. అది ఒకటే ఆయనకున్న ఆస్తి.

ఫోను మళ్ళీ మోగింది.

“చెప్పండి పెద్దాయనా.”

“తీసుకోండి.”

“అనుమానం ఏమీ లేదా?”

“అలాంటి చేతులు నేను ఇంకెవరికీ చూడలేదు.”

అది నిజమే. ఫోను పెట్టేశాక ఆయన చాలాసేపు ఆ ఒక్క నిజాన్నే పట్టుకుని నిలబడ్డాడు. లోపలికి వెళ్తే మాడిన వాఫుల్‌ను మోటెల్ ఆవిడ చెత్తబుట్టలో వేసేసి ఉంది.

ఎర్నస్టీన్‌కు సంగతి రేడియోలో తెలిసింది. ఆవిడ స్కూలు బస్సు నడుపుతుంది. పిల్లల్ని దింపి వచ్చి, క్యాట్‌ఫిష్ ముక్కలకు మొక్కజొన్న పిండి అద్దుతుండగా వెండెల్ ఇంటికొచ్చాడు.

“ఏమయ్యా, ఎనిమిది వంతులట కదా! మీవాళ్ళకి మతి ఉండే చేశారా?”

“నన్నడిగారు.”

చెయ్యి పిండిలోనే ఉంచి ఆవిడ తలతిప్పింది. “ఆ పాదం సంగతి చెప్పావుగా?”

వెండెల్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. మళ్ళీ తీసి తలకు పెట్టుకున్నాడు.

“చెప్పలేదా? డిసెంబరంతా నా ప్రాణం తీశావు కదయ్యా ఆ పాదంతో! చర్చి నుంచి వచ్చి కాళ్ళకి చెప్పులైనా విప్పకుండా టీవీ ముందు కూర్చోబెట్టి, ఇదిగో చూడు, రెండడుగులు, ఇదిగో చూడు, రెండడుగులు. నేను బస్సు ఎక్కే పిల్లల కాళ్ళు కూడా చూడ్డం మొదలెట్టాను. నాకు చెప్పినవాడివి వాళ్ళకి చెప్పలేకపోయావా?”

“నా ఉద్యోగం కోసం చెప్తున్నాననుకుంటారు.”

“అనుకోనీ. అనుకుంటే నీకేం ఊడుతుంది?”

“నీకు తెలీదు. నిన్న రస్టీని చూసి ఎలా నవ్వారో నువ్వు వినలేదు.”

“నవ్వుతారని నోరు మూసుకున్నావన్నమాట.” ఆవిడ చేప ముక్కల్ని నూనెలో వేసింది. “అరవై ఏళ్ళవాడివి. పదో క్లాసు ఆడపిల్లలు చేస్తారయ్యా ఇట్లాంటివి.”

ఆ సాయంత్రం ఆయన గ్రాంట్‌కు ఫోను చేశాడు. డాక్టర్లు మాబ్రీని పరీక్షిస్తున్నారని, గ్రాంట్ తర్వాత మాట్లాడతాడని సెక్రటరీ చెప్పింది. ఎక్స్‌రేల్లో పాదం నున్నగా వచ్చింది. మర్నాడు పొద్దున సంతకాలు అయిపోయాయి. ఆ నగరంలో జనం మంచులో నిలబడి కార్ల హారన్లు కొట్టారని టీవీలో చూపించారు. గ్రాంట్ ఇక ఆ ఫోను గురించి అడగలేదు, వెండెల్ మళ్ళీ చెయ్యలేదు.

రస్టీ మాత్రం చేశాడు. “ఒరేయ్ వెండెల్, నిన్నడిగాడట. నువ్వు తీసుకోమన్నావట. నిజమేనా?”

“నిజమే.”

“దండం పెట్టాలిరా నీకు. మన నలుగురికీ గొయ్యి తవ్వి, పార కూడా కడిగిపెట్టావు. ఇప్పుడు మనమేం చెయ్యాలి, మాబ్రీ బూట్లు తుడవాలా? చెప్పు, నేను ఎడమది తీసుకుంటా, నువ్వు కుడిది తీసుకో.”

వెండెల్‌కు ఆ పరిహాసంలో ఎడమ అన్న మాట గుచ్చుకుంది. రస్టీకి ఏమీ తెలియదు.

ఏప్రిల్‌లో స్కౌట్లందరినీ సరస్సు నగరానికి పిలిచారు. ప్రతి ఏడూ వాళ్ళు కూర్చునే పెద్ద గదిలో గోడ నిండా ఆటగాళ్ళ పేర్ల పలకలుంటాయి. ఒక్కో స్కౌటుకు ఒక ఎర్రచుక్క ఇస్తారు. తన మాట మీద నిలబడి, వీణ్ణి తీసుకోకపోతే నన్నడగండి అనదగ్గ ఒక్క ఆటగాడి పలక మీద దాన్ని అంటించాలి. ఈసారి మొదటి అయిదు విడతలకూ వీళ్ళకు వంతులు లేవు. ఏడోది అంతకుముందే ఎవరికో ఇచ్చేశారు. మిగిలింది ఆరో విడతలో ఒక్కటి. అలవాటు కొద్దీ వంటవాళ్ళు నలభై మందికి సరిపడా శాండ్‌విచ్‌లు తెచ్చిపెట్టారు. తినేవాళ్ళు పదిమంది కూడా లేరు.

వెండెల్ ఎర్రచుక్కను ఎజ్రా ప్రూయిట్ పలకకు అంటించాడు. ఆర్కన్సాలో పేరు తెలియని చిన్న కాలేజీ. మూడు వందల ఇరవై పౌండ్ల మనిషి, కానీ గచ్చు మీద అడుగేస్తే చప్పుడు రాదు. బంతి విసిరేవాడి ఎడమ పక్కన నిలబడి, మీదికొచ్చేవాళ్ళను ఆపడం అతని పని.

“మాబ్రీ ఎంత దూరం పరిగెత్తినా, బంతి విసిరేవాడు మూడు సెకన్లు నిలబడితేనే కదా అతనికి బంతి చేరేది,” అన్నాడు వెండెల్ ఆ గదిలో. “ఎడమ పక్క మనకెవరున్నారు? పోయిన ఏడు ఆ పక్కనుంచే మనవాణ్ణి నలభైసార్లు పడేశారు. ఆ ఖాళీ నింపుకునే వంతులన్నీ మాబ్రీకి పోయాయి. ఉన్న ఒక్కటీ అయినా దీనికి పెట్టండి.”

అంత పొడుగు మాట ఆయన ఆ గదిలో మాట్లాడి చాలా ఏళ్ళయింది. గ్రాంట్ తల ఊపాడు. హెడ్ కోచ్ పేపరు మీద ఏదో గీసుకుంటున్నాడు.

ఎంపిక మూడోరోజున ఆరో విడత వచ్చింది. ఎజ్రా పలక గోడ మీద ఇంకా అలాగే ఉంది, ఏ జట్టూ అతన్ని తీసుకోలేదు. వెండెల్ అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. వంతు రాగానే కోచ్ లేచి, పోయిన ఏడు మూడు ఆటలు బంతిని కాలితో తన్ని పాయింట్లు తెచ్చే కిక్కర్ వల్ల ఓడామని, ఈసారి కిక్కర్ కావలసిందేనని పట్టుబట్టాడు. నిమిషంలో తేలిపోయింది. కిక్కర్‌ను తీసుకున్నారు.

గ్రాంట్ వెండెల్ కుర్చీ దగ్గరికొచ్చి వంగాడు. “పెద్దాయనా, మీ దగ్గర దాచనక్కరలేదు. వచ్చే ఏడు కూడా మొదటి మూడు వంతులూ లేవు. నలుగురు స్కౌట్లను పెట్టుకోలేను, ఇద్దరినే ఉంచమన్నారు. పైవాళ్ళు మీ వయసును ఎత్తి చూపుతున్నారు. ఏడో విడత కాగానే ఫోన్లు మొదలవుతాయిగా. మీ ఎజ్రాని తెండి. ఎవరికీ అక్కరలేని మనిషిని పట్టుకొచ్చాడని చూపించి, మీ కోసం నేను గట్టిగా నిలబడతాను.”

ఎంపికలో మిగిలిపోయిన ఆటగాళ్ళు ఏ జట్టుకైనా వెళ్ళొచ్చు. చివరి పేరు చదివిన క్షణం నుంచి ఒక గంటసేపు ముప్పై రెండు జట్ల స్కౌట్లూ తమ ప్రాంతపు ఆటగాళ్ళకు ఫోన్లు కొడుతూనే ఉంటారు. అది సంతలో గొడవలాగే ఉంటుంది. ఒకడు బతిమాలతాడు, ఒకడు బెదిరిస్తాడు, ఒకడు వాళ్ళ నాయనమ్మతో మాట్లాడతాడు. రస్టీ బల్ల ఎక్కి కూర్చుని ఒక చెవిన ఒకణ్ణి, ఇంకో చెవిన ఇంకొకణ్ణి పెట్టుకుని అరుస్తున్నాడు. వెండెల్ గోడవైపు తిరిగి ఎజ్రాకు కొట్టాడు. మూడుసార్లు లైను దొరకలేదు. నాలుగోసారి దొరికింది.

“టోలివర్ సార్! మీ ఫోను కోసమే చూస్తున్నాను సార్.”

“అమ్మ ఎలా ఉంది ఎజ్రా?”

“ఏడుస్తోంది సార్. ఏడు విడతలూ కూర్చుని చూసింది, నా పేరు రాలేదని. పెద్దమ్మలంతా వంటింట్లో ఉన్నారు. డాలస్ వాళ్ళు ఇంకో ఫోనులో ఉన్నారు సార్. ఇప్పుడే జవాబు కావాలంటున్నారు.”

“డాలస్‌లో ఎడమ పక్కకి ఇద్దరున్నారు. ఈ ఏడు ఇంకొకణ్ణి తీసుకున్నారు. నువ్వు నాలుగోవాడివవుతావు. ఇక్కడ ఎవరూ లేరు. మా వంతులన్నీ మాబ్రీకి పోయాయి కాబట్టి కొత్తగా ఎవరూ రారు కూడా. పనిచేస్తే సెప్టెంబరుకల్లా నీ చోటు నీది.”

చెప్పినదంతా నిజం, ఒక్క అక్షరం కూడా అతికించలేదు. అయినా ఆ మాటలు తన నోటి నుంచి ఎంత తొందరగా, ఎంత నున్నగా వచ్చాయో ఆయనకు వినపడింది. మార్చి నెల గుర్తొచ్చింది. ఈసారి దాచకూడదనుకున్నాడు.

“సార్, మీ సొంత మనిషినైతే ఎటు వెళ్ళమంటారు?”

“ఇక్కడికే రమ్మంటాను. కానీ ఇంకొకటి కూడా తెలిసి నిర్ణయించుకో. నువ్వొస్తే నా ఉద్యోగం నిలబడొచ్చు. రాకపోతే పోతుంది.”

అవతల గిన్నెల చప్పుడు, ఆడవాళ్ళ మాటలు వినిపించాయి.

“అట్లాగైతే మీరు చెప్పింది నేనెట్లా నమ్మేది సార్?”

కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు. “రెండూ నిజమే బాబూ,” అన్నాడు వెండెల్. ఆ మాట ఆయనకే నీరసంగా వినపడింది.

“ఒక్క నిమిషం సార్. అమ్మనడిగి మీకే చేస్తాను.”

ఫోను బల్ల మీద పెట్టి వెండెల్ దానికేసి చూస్తూ కూర్చున్నాడు. గదిలో ఒక్కొక్కరూ అరుపులు తగ్గించారు. ఎవరో కాఫీ తెచ్చి పక్కన పెడితే చూడలేదు. నలభై నిమిషాల తర్వాత, డాలస్ జట్టు చేర్చుకున్నవాళ్ళ జాబితాలో ఎజ్రా ప్రూయిట్ పేరు తెర మీద కనపడింది. రస్టీ బల్ల దిగి వచ్చి వెండెల్ భుజం మీద చెయ్యి వేశాడు. ఏదో ఒక ఎకసెక్కం ఆడతాడనే అనుకున్నాడు వెండెల్. రస్టీ చల్లారిన కాఫీ తీసేసి వేడిది తెచ్చిపెట్టాడు. అదే వెండెల్ భరించలేకపోయాడు.

లేచి తిన్నగా గ్రాంట్ గదికి వెళ్ళాడు. తలుపు తీసే ఉంది.

“పెద్దాయనా, చూశాను. బాధపడకండి. నేను ఓనరుతో...”

“మాబ్రీ ఎడమ పాదం రెండుసార్లు విరిగింది,” అన్నాడు వెండెల్ నిలబడే. హోలిస్ చెప్పింది చెప్పాడు. డిసెంబరులో చూసిన నాలుగు ఆటలు, ఏ ఆటలో ఎన్నిసార్లు రెండడుగులు వేశాడో అంకెలతో సహా చెప్పాడు. కాగితం అక్కరలేదు, అన్నీ నోటికి ఉన్నాయి. గ్రాంట్ కంప్యూటరులో ఒక ఆట తీశాడు. నాలుగు పావుల ఆటలో మూడో పావు. మాబ్రీ లోపలికి తిరిగాడు. గ్రాంట్ వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు. మళ్ళీ చూశాడు. తెర ఆపేశాడు.

“మార్చిలో ఎందుకు చెప్పలేదు?”

“పొట్ట కోసం చెప్తున్నాననుకుంటారని.”

“ఇప్పుడెందుకు చెప్తున్నారు?”

“ఇప్పుడు నాకు ఒరిగేదేమీ లేదు కనక.”

గ్రాంట్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. అతను గొంతు పెంచడం ఎవరూ వినలేదు, ఇప్పుడూ పెంచలేదు. “పొట్ట కోసమే అనుకునేవాణ్ణి వెండెల్. అనుకుని కూడా బేరం ఆపేసేవాణ్ణి. మీరెందుకు చెప్పారన్నది నాకెందుకు? నేను అడిగింది మీ కళ్ళని. బిల్డింగులో అంతమంది ఉండగా మీకు ఫోను చేసింది దానికే.”

పెద్దాయనా అనకుండా పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

వెండెల్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. నవ్వుతాడని తాను భయపడిన మనిషి తన మాట వినడానికి సిద్ధంగా ఉన్నాడని, నమ్ముతాడని తాను ఉన్నదంతా విప్పి చెప్పిన ఎజ్రా మాత్రం నమ్మలేదని ఆయనకు ఒకేసారి తెలిసొచ్చింది. “క్షమించండి,” అన్నాడు. గ్రాంట్ తల ఊపాడు గానీ చూడలేదు.

కవరు మే పదో తారీకున వచ్చింది. చాలా మర్యాదగా రాశారు. ఎర్నస్టీన్ చదివి, మడిచి, మిగతా ఇరవై రెండింటి దగ్గర పెట్టబోయి, ఎందుకో మానేసి బల్ల సొరుగులో పడేసింది. ఇంకో రెండు జట్లకు వెండెల్ ఉత్తరాలు రాశాడు. ఒకరు జవాబివ్వలేదు. ఇంకొకరు, ఇప్పుడంతా కుర్రవాళ్ళు కంప్యూటర్లతో చూసుకుంటున్నారని రాశారు. ఆగస్టు వచ్చింది. ఇల్లు వదలాల్సిన రోజున ఆయన పొద్దున్నే లేచి, కారులో గాలి చూసి, నూనె చూసి, లోపలికొచ్చి కూర్చున్నాడు. సెప్టెంబరులో ఎర్నస్టీన్ వాళ్ళ డిపోలో సెలవు పెట్టినవాళ్ళ బదులు బస్సు నడిపే పని ఇప్పించింది. వారంలో రెండు రోజులు.

ఆదివారాలు మాత్రం ఆయన చేతుల్లో ఉండేవి కావు. చర్చి నుంచి రాగానే టీవీ ముందు కూర్చునేవాడు. బంతి ఎక్కడుందో చూసేవాడు కాదు. మాబ్రీ పదకొండో నంబరు చొక్కా ఎక్కడుంటే అక్కడ కిందికి, గడ్డి దగ్గరికి చూసేవాడు. జట్టు ఆరింట నాలుగు గెలిచింది. మాబ్రీ నలభై ఎనిమిది బంతులు పట్టాడు. బంతి విసిరేవాణ్ణి ఎడమ పక్కనుంచి పడేస్తూనే ఉన్నారు, అతను కుంటుతూ లేచి మళ్ళీ మాబ్రీకే విసురుతున్నాడు.

రస్టీ ఫోను చేశాడు. అతనికీ కవరు వచ్చింది, ఇప్పుడు బావమరిది దగ్గర ట్రాక్టర్లు అమ్ముతున్నాడు. “చూస్తున్నావురా? బేరం పండింది! నువ్వు చెప్పిందే కరెక్టు. నేను ఆ రోజు నిన్ను అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నా. నువ్వంటే నువ్వేరా.”

“పండాలి రస్టీ,” అన్నాడు వెండెల్. “పండాలి.”

“అదేంట్రా, ఏడుస్తున్నట్టు చెప్తావు?”

ఆ ఆదివారం మూడో పావులో మాబ్రీ లోపలికి తిరిగాడు. వెండెల్ పెదాలు కదిలాయి. ఒకటి. రెండు. డిసెంబరులో లేని మూడో అడుగు పడింది. బంతి వచ్చింది, మాబ్రీ వేళ్ళ చివరలతో పట్టాడు, స్టేడియమంతా లేచి నిలబడింది. వెండెల్ కుర్చీ చేతుల్ని పట్టుకుని కూర్చున్నాడు. ఇరవై మూడేళ్ళు తన కళ్ళు నిజమని తేలాలని కోరుకున్న మనిషి, ఈ ఒక్కసారికి అవి అబద్ధమని తేలితే చాలని వేడుకుంటున్నాడు. ఆ పాదం ఆగితే బేరం చెడినట్టు కాదు. తాను చెడగొట్టినట్టు. హారన్లు కొట్టిన ఆ జనం, గ్రాంట్, బంతి విసిరే ఆ కుంటి మనిషి, డాలస్‌లో ఇంకా ఒక్క ఆటా ఆడని ఎజ్రా, అందరూ ఆయనకు ఆ ఒక్క అడుగులో కనపడుతున్నారు.

ఎర్నస్టీన్ వంటింట్లోంచి వచ్చి పక్కన నిలబడింది. ఈమధ్య ఆవిడ ఆయన్ని ఏమీ అనడం లేదు.

“ఇంకా ఎన్ని ఆటలున్నాయి?”

“పదకొండు.”

ఆవిడ తడి చేతులు గౌనుకు తుడుచుకుని కుర్చీ లాక్కుని కూర్చుంది. “ఏ కాలు చూడాలి?” అంది.

“ఎడమది,” అన్నాడు వెండెల్. ఇద్దరూ చూస్తున్నారు.